శనగలో జింక్ పెంచాలంటే ముందు డీఏపీ లెక్క చూడాలి: నల్లరేగడి నుంచి ఒక కేస్ స్టడీ

నంద్యాల జిల్లా కోయిలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ వైపు నల్లరేగళ్ళలో రబీ అంటే శనగే. అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మధ్య వరకు విత్తి, నేలలో మిగిలిన తేమ మీదే పండించి, జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో కోసేస్తారు. జేజీ-11 రకం ఇక్కడ ఏళ్ళ తరబడి పాతుకుపోయింది. మిషన్ కోతకు అనువుగా నిటారుగా పెరిగే నంద్యాల రకం ఎన్‌బీఈజీ-47, అంటే ధీర, వచ్చాక కొంత విస్తీర్ణం దానికి మళ్ళింది. నేను ఈ ప్రాంతంలో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి పంటల సలహాదారుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ సంఘం రైతుల పొలాల్లో రెండు రబీల్లో మేం చేసిన పని.

పని మొదలైంది ఒక కొనుగోలుదారు అడిగిన ప్రశ్నతో. పుట్నాలు, శనగపిండి చేసి ప్యాకెట్లలో అమ్మే చిన్న వ్యాపారి ఆయన. జింక్, ఐరన్ ఎక్కువగా ఉన్న శనగ కావాలన్నాడు. అలాంటి ప్రత్యేక రకం ఈ ప్రాంతానికి అందుబాటులో లేదు. "రకం మార్చకుండా ఎరువులతో చేయగలరా సార్?" అని అడిగాడు. చేయొచ్చు, కానీ కొంతవరకే. ఆ కొంత ఎంత, దానికి ఏం ఖర్చవుతుంది, ఏది అసలు కదలదు అన్నదే ఈ కేసు.

గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు

మామూలు శనగలో కిలోకు 25 నుంచి 35 మిల్లీగ్రాముల జింక్, 45 నుంచి 65 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటాయి. అన్నంతో పోలిస్తే ఇది మంచి అంకె. చిక్కల్లా ఫైటేట్‌తోనే. మొక్క గింజలో భాస్వరాన్ని దాచుకునేది ఫైటిక్ ఆమ్లం, అంటే ఈ ఫైటేట్, రూపంలో. గింజలోని మొత్తం భాస్వరంలో సుమారు 60 నుంచి 80 శాతం అదే. మొలకెత్తేటప్పుడు పిల్ల మొక్కకు అది పనికొస్తుంది. మనం తిన్నప్పుడు మాత్రం పేగులో జింక్‌ను, ఐరన్‌ను పట్టేసుకుని బయటికి పంపేస్తుంది.

అందుకే పోషకాహార నిపుణులు జింక్ ఒక్కదాన్నే చూడరు, ఫైటేట్‌కూ జింక్‌కూ మధ్య ఉన్న మోలార్ నిష్పత్తి, అంటే అణువుల లెక్కన నిష్పత్తి, చూస్తారు. ఫైటేట్ మిల్లీగ్రాములను 660తో, జింక్ మిల్లీగ్రాములను 65.4తో భాగించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. అది 15 దాటితే జింక్ సరిగా ఒంటికి పట్టదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

లెక్క కోసం ఒక శనగ తీసుకుందాం. కిలోకు ఫైటేట్ 10 గ్రాములు, జింక్ 30 మిల్లీగ్రాములు అనుకుంటే నిష్పత్తి 33. జింక్‌ను మాత్రమే 40కి పెంచితే 25కు దిగుతుంది. జింక్ ముట్టుకోకుండా ఫైటేట్‌ను 8 గ్రాములకు తగ్గిస్తే 26. రెండూ కలిపి చేస్తే 20కి వస్తుంది. అంటే జింక్ డబ్బా కొనడం ఎంత పనో, భాస్వరం అదుపులో పెట్టడం కూడా దాదాపు అంత పని. ఈ లెక్కను మొదటి మీటింగులోనే బోర్డు మీద రాశాను. ఎందుకంటే "జింక్ కొట్టండి" అంటే రైతు వెంటనే ఒప్పుకుంటాడు, కొత్త మందు కొనడం ఆయనకు అలవాటే. "డీఏపీ తగ్గించండి" అంటే గొడవ మొదలవుతుంది. డీఏపీ అంటే నత్రజని, భాస్వరం ఉండే ఎరువు, అందులో భాస్వరమే ఎక్కువ.

ఈ నేలలు, ఈ బస్తాలు

ఇక్కడి నల్లరేగళ్ళు సున్నం ఎక్కువున్న నేలలు. పీహెచ్ 8 పైనే, కొన్నిచోట్ల 8.5. ఇలాంటి నేలలో జింక్ ఉన్నా కరగదు, మొక్కకు అందదు. మొక్కకు అందే జింక్‌ను కొలిచే డీటీపీఏ పద్ధతిలో పరీక్షిస్తే 0.6 పీపీఎం (కిలో మట్టికి మిల్లీగ్రాములు) కంటే తక్కువ వస్తే లోపం కింద లెక్క. సంఘం రైతుల భూసార కార్డులన్నీ ఒకచోట పెట్టి చూస్తే చాలా పొలాలు ఆ గీత కిందో, కాస్త పైనో ఉన్నాయి. మెట్ట నేలల్లో గంధకం, జింక్, బోరాన్ కొరత విస్తారంగా ఉందని పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు రైతుల పొలాల్లోనే మట్టి తీసి ఎప్పుడో చెప్పారు. కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

నన్ను ఆపింది భాస్వరం గడి. చాలా కార్డుల్లో అది "ఎక్కువ" అని ఉంది, అంటే హెక్టారుకు 25 కిలోల పైన. శనగకు సిఫారసు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. ఒక 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి కాబట్టి ఒక్క బస్తాతోనే సిఫారసు పూర్తవుతుంది. మా రైతుల్లో చాలామంది ఒకటిన్నర, కొందరు రెండు బస్తాలు వేస్తున్నారు. అది కూడా ప్రతి ఏడూ. సున్నపు నేలలో భాస్వరం కొట్టుకుపోదు, అక్కడే బిగుసుకుని పోగవుతుంది. పోగైన భాస్వరం రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. వేరు జింక్ తీసుకోవడానికి అడ్డం పడుతుంది, తీసుకున్న భాస్వరం గింజలో ఫైటేట్‌గా చేరుతుంది. నిష్పత్తిలో పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. డబ్బు పెట్టి మరీ తెచ్చుకున్న నష్టమిది.

డీఏపీ మీద ఇంత మోజు ఎందుకంటే రైతును తప్పుపట్టడానికి లేదు. యూరియా తర్వాత ఎక్కువ సబ్సిడీతో అందేది అదే. గుండ్రటి గుళికలు గొర్రు పెట్టెలో ఇరుక్కోకుండా దిగుతాయి. దొరకని ఏడాది షాపుల ముందు క్యూలు కట్టాక, దొరికినప్పుడు రెండు బస్తాలు ఎక్కువే కొని పెట్టుకోవడం అలవాటైంది. "సార్, డీఏపీ లేకుండా గొర్రు కదలదు, మా నాయన కాలం నుంచి ఇంతే" అన్నాడు ఒక పెద్దాయన. నేలలో మీ నాయన కాలం నాటి డీఏపీ కూడా ఇంకా ఉంది పెద్దాయనా అన్నాను. అందరూ నవ్వారు కానీ, ఆయన కార్డు తీసి భాస్వరం అంకె చదివాక నవ్వు ఆగింది. ఆ సీజన్లో ముందుగా ఒప్పుకున్న వాళ్ళలో ఆయనొకరు.

ఏం చేశాం

ప్రతి రైతు పొలాన్నీ పొడవుగా మూడు పట్టీలు చేశాం. మొదటి పట్టీ రైతు పద్ధతి, ఆయన ఎప్పుడూ వేసేదే. రెండోదాంట్లో డీఏపీ తీసేసి 20-20-0-13 కాంప్లెక్స్ ఎరువు ఒక బస్తా. మూడోదాంట్లో అదే అడుగు మందు, దానికి తోడు జింక్ పిచికారీ. కొన్ని పొలాల్లో నాలుగో పట్టీ కూడా పెట్టాం: రైతు డీఏపీ అలాగే ఉంచి జింక్ మాత్రం కొట్టడం. నిజం తేల్చేది ఈ నాలుగోదే. ఎందుకంటే బయట ఎక్కువమంది చేసేది అదే.

20-20-0-13 ఎందుకంటే, ఒక బస్తాలో నత్రజని 10 కిలోలు, భాస్వరం 10 కిలోలు, గంధకం 6.5 కిలోలు వస్తాయి. నత్రజని సరిపోతుంది, భాస్వరం ఒక డీఏపీ బస్తాలో ఉన్నదానిలో సగం కంటే తక్కువ, గంధకం ఉచితంగా వచ్చినట్టే. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఇంకా మంచిదని నాకూ తెలుసు, అందులో గంధకం 11 శాతం ఉంటుంది, కాల్షియం కూడా. కానీ ఎకరాకు 20 కిలోల భాస్వరానికి రెండున్నర బస్తాలు మొయ్యాలి, పొడి రకం గొర్రులో గడ్డకడుతుంది. పుస్తకంలో మంచిదైనా గొర్రులో దిగనిది ఇక్కడ నడవదు. భాస్వరం "తక్కువ" అని వచ్చిన పొలాల్లో మాత్రం తగ్గించలేదు, సిఫారసు పూర్తిగా ఇచ్చాం. అక్కడ తగ్గిస్తే నత్రజని పట్టే వేరు బుడిపెలు, దిగుబడి రెండూ పోతాయి.

జింక్ 0.6 కంటే బాగా తక్కువున్న పొలాల్లో ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయించాం. ఇది మూడు పంటలకొకసారి ఇచ్చే మామూలు సిఫారసే. డీఏపీతోనో, కాంప్లెక్స్‌తోనో కలిపి గొర్రులో పోయొద్దని, కొన్ని రోజుల తేడాతో విడిగా చల్లమని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండూ కలిస్తే జింక్ ఫాస్ఫేట్‌గా మారి రెండూ బిగుసుకుపోతాయి. ఇలా నేలలో వేసే జింక్ మొక్క పెరుగుదలకు, దిగుబడికి పనికొస్తుంది. గింజలో జింక్ పెంచడానికి దీని మీద ఆధారపడలేం. శనగ పెరిగేకొద్దీ పై మట్టి ఎండిపోతుంది, వేళ్ళు కింది తేమ వెతుక్కుంటూ పోతాయి, వేసిన జింక్ మాత్రం పైనే పొడి మట్టిలో ఉండిపోతుంది. తేమ మీద పండే పంటకూ నీటి పంటకూ పెద్ద తేడా ఇదే.

విత్తనానికి రైజోబియం, అంటే వేరు బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే బాక్టీరియా కల్చర్, అందరికీ ఒకటే. ముందు శిలీంధ్రనాశిని పట్టించి ఆరాక, విత్తే రోజు నీడలో బెల్లం నీళ్ళతో కల్చర్ పట్టించాలి. ముప్పై ఐదు, నలభై రోజులప్పుడు మొక్కను మట్టితో సహా తవ్వి, బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ ఎరుపు కనిపించాలి. కనిపిస్తే నత్రజని పని నడుస్తోందన్నమాట.

పిచికారీ రోజు

గింజలో జింక్ ఎక్కించేది టైమింగ్. పూత మొదలయ్యే ముందు కొడితే ఆకులు పచ్చగా ఉంటాయి, లోపం తీరుతుంది, గింజలోకి వెళ్ళేది తక్కువ. కాయలో గింజ ఊరుతున్నప్పుడు కొడితే ఆకులోంచి, కాయ తొక్కలోంచి నేరుగా గింజకు చేరుతుంది. టర్కీలో గోధుమ మీద ఇస్మాయిల్ చక్మాక్ బృందం చేసిన పని నుంచి వచ్చిన పాఠం ఇదే: చివరి దశ పిచికారీయే గింజను నింపుతుంది. పప్పు ధాన్యాల్లోనూ ఆ సూత్రం పనిచేస్తుంది.

మేం రెండుసార్లు కొట్టించాం. మొదటిది పూత దశలో లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్, శనగపచ్చ పురుగుకు ఎటూ కొట్టే మందుతో కలిపి. దీనికి అదనపు కూలి లేదు. రెండోది గింజ ఊరే దశలో లీటరుకు 5 గ్రాములు, దాంతోపాటు లీటరుకు 10 గ్రాముల యూరియా. ఇది విడిగా. ఎకరాకు 200 లీటర్ల డ్రమ్ము చొప్పున అంటే ఒక కిలో జింక్ సల్ఫేట్. యూరియా కలిపితే ఆకు జింక్‌ను బాగా పీల్చుకుంటుంది, గింజ కట్టేటప్పుడు కాస్త నత్రజని కూడా అందుతుంది.

చిన్న విషయాలే ఇక్కడ పెద్ద తేడా చేశాయి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుంటే డ్రమ్ములో తెల్లటి తెట్టు కడుతుంది. అంటే జింక్ అడుగున దిగిపోయింది, మీరు నీళ్ళు కొడుతున్నారు. అందుకని ముందు ఒక బకెట్‌లో కలిపి అరగంట చూడమన్నాం. 19-19-19 లాంటి భాస్వరం ఉన్న నీటి ఎరువులతో జింక్ సల్ఫేట్ కలపొద్దు, పాలలా విరిగిపోతుంది. కలపక తప్పదనుకుంటే అలా విరగని చీలేటెడ్ జింక్ వాడాలి, ఖర్చు ఎక్కువ. ఒక రైతు మధ్యాహ్నం ఎండలో, అదీ కొలత లేకుండా గుప్పెళ్ళతో వేసి కొట్టాడు. ఆకు అంచులు మాడాయి. పంట తేరుకుంది కానీ ఆ పట్టీని లెక్కలోంచి తీసేశాం.

ఇంకో రైతు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. శనగ ఆకు మీద పులుపు ఉంటుంది కదా, అది పురుగును దూరం పెడుతుందంటారు, మందు కొడితే అది కడిగేసుకుపోదా అని. ఆ పులుపు ఆకు నూగులోంచి వచ్చే మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు. కొట్టినప్పుడు కొంత పోతుంది, మొక్క మళ్ళీ ఊరిస్తుంది. సాయంత్రం పూట కొడితే ఆకు మీద తడి ఎక్కువసేపు నిలిచి జింక్ లోపలికి దిగుతుంది. కింది ఆకులు పసుపెక్కి, నేలలో తేమ అయిపోయాక కొట్టడం మాత్రం దండగ. ఆలస్యంగా విత్తిన పొలాల్లో రెండో పిచికారీ కొన్నిచోట్ల ఈ కారణంగానే పనిచేయలేదు.

శాంపిల్ తీయడం

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఇలాంటి పనుల్లో ఎక్కువమంది జాగ్రత్త పడనిదీ ఇక్కడే. మిషన్ కోసిన శనగ బస్తాలోంచి గుప్పెడు తీసి ల్యాబ్‌కు పంపితే వచ్చే ఐరన్ అంకెను నమ్మడానికి లేదు. మట్టిలో ఐరన్ సుమారు 4 శాతం అనుకుందాం, అంటే కిలోకు 40,000 మిల్లీగ్రాములు. ఒక కిలో శనగకు ఒక్క గ్రాము మట్టి దుమ్ము అంటుకుంటే చాలు, లెక్కలో 40 మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా కనిపిస్తుంది. గింజలో నిజంగా ఉన్నది 50 అయితే అది 90 అవుతుంది! "మా శనగలో ఐరన్ దాదాపు రెట్టింపు" అని లేబుల్ మీద వేసుకోవచ్చు, కాకపోతే అది పొలం మట్టి.

అందుకని ప్రతి పట్టీ మధ్య వరుసల్లోంచి, కోతకు ముందే, ఎండిన కాయల్ని చేత్తో కోయించాం. తొక్క చేత్తోనే తీయించి, గింజల్ని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కాగితం కవర్లలో ఆరబెట్టాం. ఇనుప గ్రైండర్ కాకుండా పింగాణీ రోలులో నూరి పంపాం. పోలిక కోసం అదే పొలం మిషన్ శనగను కూడా విడిగా పంపాం. మిషన్ శాంపిళ్ళలో ఐరన్ ప్రతిసారీ ఎక్కువే వచ్చింది, జింక్‌లో తేడా పెద్దగా లేదు. మట్టిలో జింక్ ఐరన్ అంత లేదు కాబట్టి ఇది ఊహించిందే. పిచికారీ అవశేషం గింజకు అంటుకుని అంకె పెంచిందేమో అన్న అనుమానం గోధుమ, వరిలో ఉంటుంది. శనగలో గింజ కాయ లోపల ఉంటుంది కాబట్టి అది తక్కువ.

ఫైటేట్ నేరుగా కొలవడం ఖర్చు, అన్నిచోట్లా చేయరు. గింజలో మొత్తం భాస్వరం కొలవడం సులువు, దాదాపు ఏ ల్యాబైనా చేస్తుంది. గింజ భాస్వరంలో పెద్ద వాటా ఫైటేటే కాబట్టి, పట్టీకీ పట్టీకీ మధ్య తేడా చూడటానికి దాన్నే సూచికగా తీసుకున్నాం. పక్కాగా నిష్పత్తి చెప్పాలంటే ఇది చాలదు, పోకడ చూడటానికి చాలు.

ఏం వచ్చింది

జింక్ కదిలింది. రైతు పద్ధతి పట్టీల్లో గింజ జింక్ కిలోకు ముప్పై మిల్లీగ్రాముల దగ్గర తిరిగింది. డీఏపీ తగ్గించి రెండుసార్లు జింక్ కొట్టిన పట్టీల్లో, సమయానికి కొట్టిన మంచి పొలాల్లో, నలభై దగ్గరకు వచ్చింది. డీఏపీ అలాగే ఉంచి జింక్ కొట్టిన నాలుగో పట్టీల్లో పెరుగుదల ఉంది కానీ అంత లేదు. భాస్వరం ఒక్కటే తగ్గించి జింక్ కొట్టని రెండో పట్టీల్లో జింక్ కొద్దిగానే పెరిగింది.

గింజ భాస్వరం మొదటి రబీలో దాదాపు కదలలేదు. నేలలో పోగైన నిల్వ ఒక్క సీజన్లో తగ్గదు. రెండో రబీకి, అదే పట్టీలు అలాగే ఉంచిన పొలాల్లో, కొంచెం దిగడం కనిపించింది. ఇది ఏళ్ళ మీద జరిగే పని. ఈ మాట ముందే చెప్పకపోతే రైతు, కొనుగోలుదారు ఇద్దరూ మధ్యలో వదిలేస్తారు.

దిగుబడి గురించి అందరూ మొదట అడిగేది. భాస్వరం "ఎక్కువ" ఉన్న పొలాల్లో డీఏపీ తగ్గించినా దిగుబడి తగ్గలేదు. కాటా వేసి రైతుల ముందే చూపించాం. జింక్ పట్టీల్లో కొన్నిచోట్ల కాస్త ఎక్కువ వచ్చింది. అది పిచికారీ వల్లో, పొలం తేడా వల్లో విడదీసి చెప్పేంత పెద్దది కాదు. దిగుబడి బాగా పెరిగిన పొలంలో గింజ జింక్ అంకె ఒక్కోసారి తక్కువ రావడం కూడా చూశాం. అదే జింక్ ఎక్కువ గింజలకు పంచుకుంటే ఒక్కో గింజలో పలచబడుతుంది. కాబట్టి కిలోకు ఎంత అన్నదానితోపాటు ఎకరాకు మొత్తం ఎంత అన్నది కూడా చూడాలి.

ఎకరా లెక్క వేస్తే వినయం వస్తుంది. రెండు పిచికారీల్లో కలిపి 1.4 కిలోల జింక్ సల్ఫేట్ వాడాం, 21 శాతం చొప్పున అది 294 గ్రాముల జింక్. ఎకరాకు 8 క్వింటాళ్ళు పండి, కిలోకు 10 మిల్లీగ్రాములు పెరిగితే గింజలో అదనంగా చేరింది 8 గ్రాములు. కొట్టినదాంట్లో మూడు శాతం కూడా లేదు. అయినా నేలలో 20 కిలోలు వేసి గింజ నింపుదామనుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు మెరుగు.

తినేవాళ్ళ వైపు నుంచి కూడా చూద్దాం. రోజుకు 50 గ్రాముల శనగ తింటే, కిలోకు 30 ఉన్నప్పుడు 1.5 మిల్లీగ్రాముల జింక్, 40 ఉన్నప్పుడు 2 మిల్లీగ్రాములు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు స్త్రీలకు రోజుకు 13.2, పురుషులకు 17 మిల్లీగ్రాములు. అర మిల్లీగ్రాము అదనం చిన్నదే. కానీ శనగ ఒక్కటే మారదు కదా, ఇదే పని కందిలో, మినుములో, వరిలో జరిగితే కంచంలో అన్నీ కలుస్తాయి. అదీగాక ఫైటేట్ దిగితే ఉన్న జింక్‌లో ఒంటికి పట్టే వాటా పెరుగుతుంది. వంటింటి పని కూడా ఇందులో ఉంది: రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయడం, మొలకెత్తించడం ఫైటేట్‌ను తగ్గిస్తాయి. పొట్టు తీస్తే టానిన్లు పోతాయి, ఫైటేట్ మాత్రం పప్పుబద్దలోనే ఉంటుంది. అంటే శనగపప్పు చేసినంత మాత్రాన ఆ చిక్కు తీరదు.

ఐరన్ ఎందుకు కదలలేదు

కొనుగోలుదారుకు అసలు కావాల్సింది ఐరన్. ఆయన ఆలోచన తప్పు కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. "ఐరన్ శనగ" అంటే అమ్ముడుపోతుంది.

కొన్ని పట్టీల్లో అన్నభేది (ఐరన్ సల్ఫేట్) కూడా కొట్టి చూశాం, మన దగ్గర వేరుశనగలో ఇనుము లోపానికి కొట్టే పద్ధతిలోనే: ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మఉప్పు, 200 లీటర్ల నీళ్ళు. పసుపెక్కిన చోట ఆకు పచ్చబడింది. చేత్తో ఒలిచి కడిగిన గింజలో ఐరన్ మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. మొక్క లోపల ఐరన్ ఆకులోంచి గింజకు సులువుగా ప్రయాణించదు, జింక్ అంత కూడా కాదు. అన్నభేది సున్నపు నీళ్ళలో కాసేపటికే తుప్పు రంగుకు మారి పనికిరాకుండా పోతుంది కూడా. ఐరన్ విషయంలో ఎరువుల దారి బలహీనమైనది, రకాల అభివృద్ధి దారే మేలు. ఎరువులతో ఐరన్ పెంచామని ఎవరైనా పెద్ద అంకె చూపిస్తే, శాంపిల్ ఎలా తీశారో ముందు అడగండి.

వ్యాపారికి ఇదే చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. పుట్నాల ప్యాకెట్ మీద ఐరన్ గురించి రాయడం కంటే, శనగ గుగ్గిళ్ళ మీద నిమ్మకాయ పిండుకుని తినమని, తిన్న వెంటనే టీ తాగొద్దని రాస్తే కొనేవాళ్ళకు ఎక్కువ మేలు అన్నాను. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా పడుతుంది, టీలోని టానిన్లు దాన్ని ఆపుతాయి. అది రాస్తే ఎవరు కొంటారు సార్ అన్నాడు. ఆయన బాధ ఆయనది.

గంధకం గురించి కొంచెం

పప్పుల ప్రొటీన్‌లో లోటు మిథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు. రెండింటిలోనూ గంధకం ఉంటుంది. నేలలో గంధకం తక్కువైతే మొక్క గింజలో ప్రొటీన్‌ను చేరుస్తుంది కానీ, గంధకం ఎక్కువుండే లెగ్యుమిన్ రకం తగ్గించి, తక్కువుండే విసిలిన్ రకం పెంచుతుంది. ప్రొటీన్ శాతం అదే కనిపిస్తుంది, నాణ్యత పడిపోతుంది. ల్యాబ్‌లో ప్రొటీన్ అంటే నత్రజని కొలిచి 6.25తో గుణించిన అంకె, అందులో ఈ తేడా కనపడదు. అమైనో ఆమ్లాల పరీక్ష మా బడ్జెట్‌లో లేదు. గింజలో నత్రజని, గంధకం నిష్పత్తి మాత్రం చూశాం. 20-20-0-13 వేసిన పట్టీల్లో అది కాస్త మెరుగైంది, ముఖ్యంగా కార్డులో గంధకం తక్కువని వచ్చిన పొలాల్లో. ఎక్కువ యూరియా వేసి ప్రొటీన్ శాతం పెంచుదామని ఒకరు సలహా ఇచ్చారు. విత్తేటప్పుడు నత్రజని ఎక్కువైతే బుడిపెలే పట్టవు, దాంతో శనగ వేసిన ప్రయోజనమే పోతుంది.

డబ్బు

మద్దతు ధర, 2025-26 మార్కెటింగ్ సీజన్‌కు క్వింటాకు 5,650 రూపాయలు, తేమ చూస్తుంది, చెత్త చూస్తుంది, విరిగిన గింజ చూస్తుంది. జింక్ చూడదు. కాబట్టి పోషక విలువ కోసమే ఖర్చు పెట్టమని రైతును అడగడం న్యాయం కాదు. ఈ పని నిలబడింది రెండో డీఏపీ బస్తా మిగలడం వల్ల. బస్తా 1,350 రూపాయలు. ఒక కిలో జింక్ సల్ఫేట్, కొద్దిగా యూరియా, రెండో పిచికారీ కూలి అందులోంచే సర్దుకుంటాయి. రెండు బస్తాలు వేసే రైతుకు చేతికి కొంత మిగులుతుంది కూడా. ఒక్క బస్తాయే వేసే రైతుకు మాత్రం జింక్ ఖర్చు నిజంగా అదనమే. ఆయనకు కొనుగోలుదారు క్వింటాకు ఎంతో కొంత ఎక్కువ ఇవ్వాల్సిందే. మొదటి ఏడాది ఇచ్చాడు. రెండో ఏడాది మార్కెట్ ధర పెరిగాక బేరం మొదలుపెట్టాడు.

రెండో రబీ తర్వాత ఎక్కువమంది రైతులు డీఏపీ తగ్గించడాన్ని కొనసాగిస్తామన్నారు. డబ్బు మిగులుతుందని, గింజ కోసం కాదు. గింజ ఊరేటప్పటి జింక్ పిచికారీని అందరూ ఉంచుకోలేదు, కొనుగోలుదారుతో రాతపూర్వక ఒప్పందం ఉన్నవాళ్ళే ఉంచుకున్నారు. వచ్చే రబీకి సంఘం పెట్టుకున్న షరతు ఇది: విత్తకముందే ధర కాగితం మీద ఉండాలి, శాంపిళ్ళు కోతకు ముందు చేత్తో తీసినవే ల్యాబ్‌కు పోవాలి, పరీక్ష ఖర్చు కొనుగోలుదారు భరించాలి. ఆయన ఇంకా జవాబివ్వలేదు. పొలాల్లో మాత్రం భాస్వరం పట్టీలను చెరపకుండా అలాగే ఉంచుతున్నాం, గింజ భాస్వరం ఇంకా ఎంత దిగుతుందో మూడో పంటలో చూడాలి.